ఒక్క మందు, అయిదు అధ్యాయాలు

తెలుగులో ‘మందు’ అన్నంత ఉదారమైన మాట మరొకటి ఉందా అని నా అనుమానం. వైద్యుడిచ్చేది మందు. మడిలో చల్లే ఎరువు మందు. చేనుకు కొట్టేది మందు. సీసాలో అమ్మేది మందు. తుపాకిలో కూరేదీ మందే.

సుంకాల పట్టికకు అంత ఔదార్యం లేదు. 1988 నుంచి దాదాపు ప్రపంచమంతా పాటిస్తున్న సరకుల వర్గీకరణలో మద్యానికి 22వ అధ్యాయం, ఔషధాలకు 30, ఎరువులకు 31, తుపాకిమందుకు 36, పురుగుమందులకు 38. మరుగుమందుకు మాత్రం ఎక్కడా పద్దు కనిపించలేదు!

వృత్తిరీత్యా ఆ పట్టికతో కొంత పరిచయం కలిగినవాణ్ణి. అందులో నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది 3808 పద్దు. పురుగును, తెగులును, కలుపును, ఎలుకను చంపేవన్నీ అందులోనే; మొక్క పెరుగుదలను అదుపుచేసే నియంత్రకాలూ అక్కడే. మైలుతుత్తాన్నే చూడండి. గోతాల్లో టోకుగా దిగితే అది 2833 కింద వచ్చే మామూలు లవణం. తెగులు మందుగా చిల్లర అమ్మకానికి చిన్న పొట్లాలు కట్టి దింపితే 3808. సున్నంతో కలిపి బోర్డో మిశ్రమంగా తయారుచేసినా అంతే. స్ఫటికం అదే, వచ్చిన వేషాన్ని బట్టి కులం మారుతుంది.

ఎరువుల అధ్యాయానిది మరో పట్టుదల. ‘ఇతర ఎరువులు’ అన్న 3105 పద్దులో చేరాలంటే నత్రజని, భాస్వరం, పొటాషియంలలో ఒకటైనా ముఖ్యాంశంగా ఉండి తీరాలి. వరికి జింకు లోపం వచ్చినప్పుడు రైతు వేసే జింకు సల్ఫేటు అతని దృష్టిలో ఎరువే. పట్టికలో అదీ 2833 లవణమే.

ఈ గీతల మీద మన దేశంలో వ్యాజ్యాలు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాయి. ఒక సూక్ష్మపోషక మిశ్రమం పెరుగుదల నియంత్రకమని ఎక్సైజు శాఖ, కాదు ఎరువేనని తయారీదారు వాదించుకోగా, 2008లో కోర్టు ఎరువేనని తేల్చింది. పోషకం మొక్క ఆకలి తీరుస్తుంది. నియంత్రకం మొక్క నడవడినే మారుస్తుంది. పన్ను కోసం పుట్టిన తగవే అయినా, అందులోని ప్రశ్న రైతు అడగవలసినదే.

కాని అంగడిలో ఆ ప్రశ్న వినబడదు. ‘బలం మందు’ అంటే చాలు, ఏదో ఒక సీసా చేతికొస్తుంది. పురుగుమందులకు 1968 చట్టం ఉంది, ఎరువులకు 1985 నియంత్రణ ఉత్తర్వు ఉంది. జీవ ఉత్ప్రేరకాల పేరిట అమ్ముడయ్యే సీసాలు ఆ రెంటికీ నడుమ సందులో చాలాకాలం నడిచాయి. 2021 ఫిబ్రవరిలో గాని అవి ఎరువుల ఉత్తర్వు కిందికి రాలేదు. అంతవరకూ ఆ సీసాలో ఏముందో, అది పనిచేస్తుందో లేదో ముందుగా పరీక్షించి అనుమతించే ఏర్పాటే లేదు. అప్పు తెచ్చి కొన్నవాడికి చీటీ మీది బొమ్మే ఆధారం.

పల్లెల్లో “ఫలానావాడు మందు తాగాడట” అన్న వార్త వింటూంటాం. చెప్పేవాడి మొహం చూస్తే గాని అది 22వ అధ్యాయమో, 38వ అధ్యాయమో తెలియదు. మాటలోని ఔదార్యం అక్కడ నన్ను భయపెడుతుంది.

మాటను మార్చమని నేననను. ‘ఏ మందు?’ అని ఆగి అడగడం మాత్రం సుంకాల గుమాస్తా నుంచి మనం నేర్చుకోవచ్చు. ఎరువుకూ పురుగుమందుకూ మీ వైపు వేర్వేరు పలుకుబళ్ళుంటే చెప్పండి, రాసిపెట్టుకుంటాను.