కావలివాని జీతము

ఇల్లు కాచు కుక్క కూడు తినక మానదు. కూడు దండుగ యని కుక్కను తోలివేసిన గృహస్థుడు దొంగ వచ్చిన పిదప ఎవరిని నిందింపగలడు? శిక్షణ కళాశాలలో బోధనాపద్ధతులు చదివి, పండ్రెండేండ్లు పాఠములు చెప్పిన తరువాత, ఈ చిన్న సంగతిని మాకు మా పాఠశాలలోని కంప్యూటర్లు నేర్పినవి. దానిని నేర్చుకొనుటలో మేము చేసిన తప్పొకటి కలదు. విద్యార్థుల తప్పులను ఎఱ్ఱసిరాతో దిద్దు వారము, మా తప్పును దాచుట న్యాయము కాదని తోచి దీనిని వ్రాయుచున్నాము.

2012వ సంవత్సరమున పూర్వవిద్యార్థుల ఔదార్యమువలన మా పాఠశాలకు పండ్రెండు కంప్యూటర్లు వచ్చెను. ఒక్కొక్కదానిలో 2 జీబీ ర్యామ్, చక్రమువలె తిరుగు హార్డుడిస్కు, విండోస్ 7 ఉండెను. వాటితోపాటు కొన్న యాంటీవైరసునకు ఒక సంవత్సరమే గడువు. గడువు తీరగానే ఒక మెకానిక్కు వచ్చి ఉచితముగా దొరకు మరియొక యాంటీవైరసును పెట్టిపోయెను. పాతదానిని మాత్రము తీయలేదు. ఆనాటినుండి మా తరగతికి శని పట్టెను. స్విచ్చి వేసి పిల్లలు కుళాయి కడకు పోయి నీరు త్రాగి వచ్చినను తెరపై వలయము తిరుగుచునే యుండెడిది. నలువదియైదు నిమిషముల పీరియడులో పావువంతు ఎదురుచూచుటతోనే సరిపోయెడిది.

2014 జనవరిలో ప్రయోగపరీక్షలు సమీపించినవి. మా ఓర్పు నశించెను. ఒకనాటి సాయంకాలము పండ్రెండు యంత్రములలోను యాంటీవైరసు కాపలాను ఆపివేసితిమి. మరునాడు కంప్యూటర్లు లేడిపిల్లలవలె పరుగెత్తినవి. పిల్లలు చప్పట్లు కొట్టిరి. మా తెలివికి మేమే మురిసిపోతిమి.

ఆ మురిపెము మూడువారములైనను నిలువలేదు. పెన్‌డ్రైవులలోని ఫోల్డరులన్నియు మాయమై, వాటిచోట షార్ట్‌కట్ గుర్తులు కనబడసాగెను. ఆ గుర్తును నొక్కినచో ఫోల్డరు తెరచుకొన్నట్లే యుండును గాని, అదే సమయమున వైరసు నడచి, కంప్యూటరులో చేరి, తరువాత పెట్టిన ప్రతి పెన్‌డ్రైవునకును ప్రాకును. తొమ్మిదవ తరగతి పిల్లలు తమ ఊరి చెరువును, సంతను, పాత ఇండ్లను గూర్చి పెద్దలనడిగి నాలుగు నెలలుగా టైపుచేసిన వ్యాసములు ఆ యంత్రములలోనే యుండెను.

వైరసు మొదట మా కంటబడినది ఒక బాలుని పెన్‌డ్రైవులో. అతని అన్నకు నెట్‌సెంటరు కలదు. ఇంతకంటె మేము విచారింపలేదు. తరగతి యెదుట అతనిని మందలించి, వారముదినములు కంప్యూటరుగదికి రావలదంటిమి. “మాస్టరుగారూ, నేను ఇంటినుండి ఏమీ తేలేదండీ” అని మాత్రము పలికి అతడు తలవంచుకొని వెడలిపోయెను.

తరువాత మెకానిక్కు వచ్చి పరీక్షించెను. ఫైళ్లలో చాల భాగము పోలేదు, దాచబడి యుండెను. ఆ దాపరికపు గుర్తును తొలగింపగానే అవి బయటపడినవి. కాని రెండు యంత్రములు బొత్తిగా చెడిపోయి యుండుటచే వాటిలో విండోసును క్రొత్తగా వేయవలసివచ్చెను. వాటిలోని కొన్ని వ్యాసములు దక్కలేదు. ఆ బాలుని వ్యాసము వాటిలో నొకటి. అందరి పెన్‌డ్రైవులను వరుసగా పరిశీలింపగా, వైరసు ఫైలు అన్నిటికంటె ముందుతేదీతో నున్నది మా పెన్‌డ్రైవులోనే. అది మేము ప్రశ్నపత్రమును అచ్చు తీయించుటకు బజారులోని దుకాణమునకు పోయిన నాటి తేదీ! దొంగను వెంటబెట్టుకొని వచ్చినదియు మేమే, తలుపు తీసియుంచినదియు మేమే.

మరునాడు తరగతి యెదుటనే ఆ బాలుని క్షమాపణ వేడుకొంటిమి. అతడు కొంతసేపు మౌనముగా నుండి, “మరల యాంటీవైరసు పెట్టినచో కంప్యూటర్లు మరల ఆగిపోవును గదాండీ?” అని అడిగెను. ఆ ప్రశ్నకు ఉత్తరము మాకు తెలియదు. తెలిసికొనుటకు ఇరువురమును కూర్చుంటిమి.

యాంటీవైరసు పని రెండు విధములు. మొదటిది ద్వారపాలన: ఏ ఫైలు తెరచినను, అది మన చేతికి రాకముందే పరీక్షించుట. ఇందుకు అది ఎల్లప్పుడు మేలుకొని ర్యామ్‌లో చోటు ఆక్రమించుకొని యుండవలెను. రెండవది గస్తీ: డిస్కులోని ఫైళ్లనన్నిటిని వరుసగా తెరచి చూచుట. తిరుగు డిస్కులో చదువు ముల్లు ఒకచోటినుండి మరియొకచోటికి కదలవలెను గనుక, గస్తీ జరుగునపుడు మన పని వెనుకబడును. మా యంత్రములలో కావలివారు ఇరువురు. ఒకడు తెరచిన ఫైలును రెండవవాడు ఆపి పరీక్షించును. పైగా గస్తీ రాత్రి రెండు గంటలకు నియమింపబడి యుండెను. మేము సాయంకాలమే మెయిన్ స్విచ్చి కట్టివేయుచుంటిమి. తప్పిన గస్తీ ఉదయము తరగతి మొదలు కాగానే ఆరంభమగుచుండెను! తప్పు కావలివానిది కాదు, పని పంచిన యజమానిది.

రెంటిని పూర్తిగా తొలగించి ఒక్కదానినే పెట్టితిమి. గస్తీని శుక్రవారము మధ్యాహ్న భోజనవేళకు మార్చి, ఆ సమయమున స్విచ్చి కట్టవలదని నియమము చేసితిమి. గస్తీలో ప్రాసెసరును సగమునకు మించి వాడకుండ హద్దు పెట్టితిమి. పిదప ఆ బాలుడు గడియారము పట్టుకొని, స్విచ్చి వేసినది మొదలు వ్యాసము తెరచుకొనువరకు లెక్కించెను. కావలివారు ఇరువురున్నపుడు తొమ్మిది నిమిషములు పట్టెడిది, ఇప్పుడు నాలుగు, కావలియే లేనపుడు మూడు. అనగా కావలివాని న్యాయమైన జీతము ఒక్క నిమిషము. ఆ యొక్క నిమిషమునకై ఒక బాలుని నాలుగు నెలల శ్రమను పణముగా నొడ్డితిమి.

విండోస్ 7నకు భద్రతా నవీకరణలు 2020 జనవరి 14తో ఆగునని తెలిసి, 2019లో హార్డుడిస్కుల స్థానమున ఎస్‌ఎస్‌డీలు వేయించి, ర్యామ్ పెంచి, విండోస్ 10నకు మారితిమి. అందులో డిఫెండరను కావలి పుట్టుకతోనే యున్నది. మరియొక యాంటీవైరసును పెట్టినచో అది తనంతట తాను ప్రక్కకు తొలగును. జర్మనీలోని మాగ్డెబర్గు నగరమున ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్కు నగరమున ఏవీ-కంపారటివ్స్ అను పరీక్షాసంస్థలు కలవు. ఇవి యాంటీవైరసు ఎంత చక్కగా కాచుచున్నది అను దానినే గాక, ఫైళ్లను నకలు చేయునపుడు, ప్రోగ్రాములను తెరచునపుడు యంత్రమును ఎంత మందగింపజేయుచున్నది అను దానిని గూడ వేరుగా కొలుచును. ఆ రెండు లెక్కలను కలిపి చూచి ఎన్నుకొనుట వివేకము.

కావున విద్యార్థులారా, మీ కంప్యూటరు మందగించినపుడు కావలివానిని వెడలగొట్టుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనుడు: కావలివారు ఎందరు? గస్తీ ఏ వేళకు? వానికి నిలువ చోటున్నదా? వైరసు దొరకినపుడు మాత్రము మొట్టమొదట మీ జేబులోని పెన్‌డ్రైవునే వెదకుడు.

ఆ బాలుడు తన వ్యాసమును మరల వ్రాసెను. బడి విడిచిన తరువాత అతడు టైపుచేయుచుండ, అతని చిత్తునోటుపుస్తకమునుండి మేము చదివి చెప్పితిమి. పదునొకండు సాయంకాలములు పట్టెను. ఆ వ్యాసము నేటికిని మా ఏడవ కంప్యూటరులో నున్నది. ప్రతి శుక్రవారము భోజనవేళ కావలివాడు దానిని తెరచి, ఒక్క క్షణము చూచి, మూసి, ముందునకు పోవును.