కరకరలాడాలంటే ఓవెన్‌లోనే

బేకనంటే ప్రాణం పెడతారు, ఇంట్లో వండమంటే మాత్రం వెనకడుగు వేస్తారు. అమెరికాలో మనవాళ్ల ఇళ్లలో ఇది తరచూ వినే మాటే. పెనం మీద వేస్తే కొవ్వు చిట్లి చేతుల మీద పడుతుంది, పొయ్యి చుట్టూ జిడ్డు, ఇల్లంతా పొగ, ఆ పొగకి అలారం మోత. ఇంత చేసినా బేకన్ పట్టీ ఒకచోట మాడుతుంది, ఇంకోచోట సాగుతుంది. ఈ బాధలన్నిటికీ ఒకటే మందు ఉందండీ. పెనం పక్కన పెట్టి ఓవెన్ వెలిగించండి.

ముందు ఆ పట్టీ సంగతి చూద్దాం. అమెరికన్ బేకన్ పంది పొట్ట మాంసం. ఉప్పు, నైట్రైట్, చాలావాటిలో కాస్త చక్కెర పట్టించి ఊరబెట్టి, హికరీ, ఆపిల్ లాంటి కట్టెల పొగ చూపించి, పల్చగా కోస్తారు. పొగ తగిలింది కదా అని ఉడికిపోయిందనుకోకండి. ముందే వండినదని పాకెట్ మీద లేకపోతే అది పచ్చిదే. ఇంగ్లండులో బేకనంటే ఎక్కువగా వీపు భాగం. అందులో కొవ్వు తక్కువ, కాబట్టి ఇంత కరకర రాదు.

పొట్ట మాంసంలో ఎర్రటి కండ, తెల్లటి కొవ్వు చారలు చారలుగా ఉంటాయి. వేడి తగలగానే రెండూ ఒకేలా ముడుచుకోవు, అందుకే పట్టీ వంకర తిరుగుతుంది. పెనానికి ఆనినచోట మాడి, పైకి లేచినచోట మెత్తగా ఉండిపోతుంది. కరకర రావాలంటే లోపలి నీరు ఆవిరైపోవాలి, కొవ్వు కరిగి బయటికి రావాలి, ఆ తర్వాత కండ ఎర్రగా వేగాలి. ఇవన్నీ పట్టీ పొడవునా ఒకేసారి జరగాలి. ఓవెన్‌లో పైనుంచి వేడిగాలి, కిందనుంచి ట్రే వేడి సమంగా తగులుతాయి కాబట్టి ఆ పని దానంతట అదే జరిగిపోతుంది.

ఎలా చేయాలంటారా? చుట్టూ అంచులున్న ట్రే తీసుకోండి. అంచు లేకపోతే కరిగిన కొవ్వు ఓవెన్ అడుక్కి కారి అంటుకునే ప్రమాదం ఉంది. ట్రేలో పార్చ్‌మెంట్ కాగితం పరచి, పట్టీలను పక్కపక్కన పేర్చండి. ఒకదాన్నొకటి తాకినా ఫర్వాలేదు, వేగేకొద్దీ కుంచించుకుపోతాయి. ఒకదానిమీద ఒకటి మాత్రం ఎక్కకూడదు. నూనె చుక్క కూడా అక్కర్లేదు. 400 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 200 సెల్సియస్ దగ్గర మధ్య అరలో పెట్టండి. పల్చటి పట్టీలకు పావుగంట అటూఇటూ, మందంగా కోసినవాటికి 20 నిమిషాలు, ఒక్కోసారి ఇంకాస్త పడుతుంది. మేపుల్ తీపి పట్టించిన రకమైతే చక్కెర త్వరగా మాడుతుంది కాబట్టి వేడి 375 ఫారెన్‌హీట్‌కి తగ్గించండి. ట్రే మీద తీగల స్టాండు పెట్టి, దానిమీద పట్టీలు వేసేవాళ్లూ ఉన్నారు. నాకైతే తన కొవ్వులో తాను వేగిన పట్టీయే రుచి.

12 నిమిషాలు దాటాక ఓవెన్ దగ్గరే ఉండండి. ఎర్రబడ్డాక మాడిపోవడానికి ఎంతోసేపు పట్టదు. మీకు కావలసినంత వేగడానికి కాస్త ముందే తీసేయండి. అప్పుడే వేయించిన వడియంలా ఇది కూడా చల్లారాకే గట్టిపడి కరకరలాడుతుంది. తీసిన వెంటనే పటకారుతో కాగితం తువ్వాలు మీదికి మార్చండి. ట్రేలో మరిగే కొవ్వు ఉంటుంది, రెండు చేతులతో, వంపకుండా పట్టుకోండి.

ఆ కొవ్వును సింకులో మాత్రం పోయకండి. గొట్టంలో గడ్డకట్టి పూడిపోతుంది. కొంచెం చల్లారాక వడకట్టి, గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. ఒక్క చెంచా వేసి బంగాళాదుంపల వేపుడు చేసి చూడండి, పొగ వాసనతో కమ్మగా ఉంటుంది. ఉప్పు మాత్రం తగ్గించి వేయండి.

ఇంకొక్క మాట. గుడ్డూ బేకనూ అమెరికా పొద్దుటి ఫలహారంగా పాతుకుపోవడంలో 1920ల నాటి ఒక ప్రచారం పాత్ర ఉంది. బేకన్ అమ్మే బీచ్-నట్ కంపెనీ తరఫున ప్రచార నిపుణుడు ఎడ్వర్డ్ బెర్నేస్, పొద్దున్నే గట్టిగా తినడం మంచిదని డాక్టర్ల చేత చెప్పించి పత్రికలకెక్కించాడు. అయితే 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం, బేకన్ లాంటి ఊరబెట్టిన మాంసాలు పెద్దపేగు క్యాన్సర్‌కు కారణమవుతాయని తేల్చింది. తరచుగా, ఎక్కువగా తినేకొద్దీ ముప్పు పెరుగుతుంది. కాబట్టి రోజూ తినే వస్తువు కాదిది. ఎప్పుడో ఓ ఆదివారం, మనిషికి రెండు పట్టీలు చాలు. అరుదుగా తినేదాన్నైనా శ్రద్ధగా, సరిగ్గా వండుకుని తినండి.