రంగము – నేపథ్యము

సంస్కృత నాటకములు చదువుకొన్నవారికి నేపథ్యమనే మాట పరిచితమే. నటులు వేషము కట్టుకొనే చోటు అది; తెరకు వెనుక ఉంటుంది. అక్కడి నుంచి కవి ఒక కేకనో కలకలమునో వినిపిస్తాడు. మనిషి కనబడడు, ఉనికి మాత్రము తెలుస్తుంది. సెల్‌ఫోన్‌లో ఒక యాప్ 'బ్యాక్‌గ్రౌండ్'లోనికి పోవడమంటే ఏమిటో కంప్యూటర్ శాఖలోని మా మిత్రుడొకరు వివరిస్తున్నప్పుడు మాకు తోచిన మాట ఇదే. తెరమీద కనబడే యాప్ రంగముమీది పాత్ర. దానిపై మరొకటి తెరిస్తే మొదటిది వెంటనే చావదు, నేపథ్యములోనికి తప్పుకొంటుంది.

తెలుగు చెప్పుకొనే మాకు ఈ సంగతులతో ఏమి పని అని పాఠకులు అడుగవచ్చును. మోకిల నుంచి వచ్చే ఒక విద్యార్థిని మూలమున ఆ పని పడింది.

మోకిల శంకరపల్లి మండలములోని ఊరు. 2023లో హెచ్.ఎం.డి.ఏ. అక్కడ ప్లాట్లను వేలము వేసినప్పుడు దాని పేరు పత్రికలకెక్కింది. పొలాల నడుమ విల్లాలు లేస్తున్నాయి. వాటికి గోడలు కట్టే తాపీ మేస్త్రీలలో ఈమె తండ్రి ఒకరు. ఇంటికంతటికీ ఫోను ఒకటే. అంతర్గత పరీక్షను ఫోనులో రాయవలసిన నాడు ఆయన దానిని కూతురి చేతికిచ్చి పనికి పోయారు. పరీక్ష మధ్యలో అమ్మాయి మూడుమార్లు తెర వీడినట్లు యాప్ లెక్కగట్టి, జవాబులను తానే మూసి పంపివేసి, ఆమె పేరు ఎదుట ఎర్రగుర్తు పెట్టింది. మరునాడు ఆమె మా వద్దకు వచ్చి, "నేనేడికీ పోలే సార్. నాయిన కోసం రెండుసార్లు ఫోనొచ్చింది, లేడని చెప్పిన. ఇంకోసారి ఆలోచన చేసుకుంట కూసున్న, ఫోనే బందయింది" అన్నది.

యాప్ అబద్ధమాడలేదు, అమ్మాయీ ఆడలేదు. చిక్కంతా అక్కడే ఉన్నది.

ఆండ్రాయిడ్ ఫోనులో యాప్‌లోని ఒక్కొక్క పుటను యాక్టివిటీ అంటారు. పుట కంటికి కనబడగానే 'ఆన్‌స్టార్ట్', వేలికి అందగానే 'ఆన్‌రెజ్యూమ్', పట్టు సడలగానే 'ఆన్‌పాజ్', పూర్తిగా మరుగుపడగానే 'ఆన్‌స్టాప్' అని ఫోను కబురు పంపుతుంది. యాప్ రాసేవారు ఆన్‌స్టార్ట్‌కు ఒకటి కలుపుకొని, ఆన్‌స్టాప్‌కు ఒకటి తీసివేస్తూ పోతారు. లెక్క సున్నాకు దిగితే యాప్ నేపథ్యములో ఉన్నట్లు. ఈ లెక్కలో ఒక తమాషా ఉన్నది. ఫోనును అడ్డముగా తిప్పితే చాలు, పాత పుట నశించి కొత్తది పుడుతుంది. ఆ రెప్పపాటులో లెక్క సున్నా అయి కూర్చుంటుంది! అందుకే గూగుల్‌వారు సిద్ధముచేసి ఇచ్చిన 'ప్రాసెస్ లైఫ్‌సైకిల్ ఓనర్' 700 మిల్లీసెకన్లు ఓపిక పట్టి, అప్పటికీ పుట తిరిగి రాకుంటేనే పోయినట్లు తేలుస్తుంది. ఐఫోనులో రంగానికీ నేపథ్యానికీ నడుమ 'ఇనాక్టివ్' అనే గడప వంటి దశ మరొకటి కలదు.

కాల్ ఎత్తితే పరీక్ష మరుగుపడుతుంది. కొంతసేపు తాకకుంటే తెర ఆరిపోతుంది, అప్పుడూ అదే ఆన్‌స్టాప్. అంటే ప్రశ్న ముందు వేలు కదపకుండా ఆలోచించిన విద్యార్థికీ, జవాబు వెదకడానికి పోయిన విద్యార్థికీ ఆ లెక్కలో భేదము లేదు. మరొక వైపు చూడండి. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుంచి తెరను రెండుగా చీల్చి రెండు యాప్‌లను పక్కపక్కన నడుపుకొనవచ్చును. 2019 నాటి ఆండ్రాయిడ్ 10లో ఆ రెండూ ఒకేసారి 'రెజ్యూమ్' దశలో ఉండగలవు. ఒక సగములో ప్రశ్న, రెండవ సగములో నోట్సు పెట్టుకొన్నవాడు రంగము దిగనే లేదు. సున్నా కోసము మాత్రమే కాచుకొన్న యాప్‌కు వాడు పరమ సాధువు. పక్కన రెండవ ఫోను ఉన్నవాని మాట చెప్పనే అక్కరలేదు. ఒక్క ఫోను ఉన్న ఇంటిపిల్లే పట్టుబడింది.

శాకుంతలము నాలుగవ అంకములో దుర్వాసుని శాపము వినబడేది నేపథ్యము నుంచే. అక్కడ శకుంతల ఆశ్రమములోనే ఉన్నది, మనస్సు మాత్రము దుష్యంతుని వద్ద ఉన్నది. ముని ఆమె మనస్సును కనిపెట్టినాడు, కారణము అడుగలేదు. యాప్‌కు ఆ మనస్సును కనిపెట్టే శక్తి సైతము లేదు. దానికి తెలిసేది తెర ఒక్కటే. అయినను శాపమిచ్చే అధికారము దాని చేతికి ఇచ్చినారు.

మేము పరీక్షల సంఘము ముందు పెట్టిన కోరికలు పెద్దవి కావు. తెర వీడిన ప్రతిమారూ జవాబులను భద్రపరచాలి, మూసివేయరాదు. నిజానికి ఆన్‌పాజ్, ఆన్‌స్టాప్ కబుర్లు అందగానే చేయవలసిన మొదటి పని అదేనని మా మిత్రుడు అన్నాడు. వీడిన క్షణము, తిరిగి వచ్చిన క్షణము రెండూ నమోదు చేయాలి. తెర ఆరిపోయిందా, మరొక యాప్ తెరిచినారా అన్నది యాప్ విడిగా కనుగొనగలదు కనుక ఆ రెంటినీ ఒకే గాటకు కట్టరాదు. ఎర్రగుర్తు పడితే, ముందు విద్యార్థిని పిలిచి అడగాలి.

చివరి కోరికను వెంటనే అంగీకరించినారు. తక్కినవి యాప్ తయారుచేసినవారికి రాసి పంపినారు. ఆ అమ్మాయి మా శాఖ గదిలో కాగితముమీద పరీక్ష తిరిగి రాసింది. నడుమ కలము ఆపి చాలాసేపు కిటికీ వైపు చూస్తూ కూర్చున్నది. మేము గడియారము చూడలేదు.