ముందు కాగితం, తర్వాతే లాయరు

నాన్నకి స్టెంట్ వేయించి ఇంటికి తీసుకొచ్చిన మూడో వారంలో బీమా కంపెనీ ఉత్తరం వచ్చింది. 2,86,400 రూపాయల క్లెయిం తిరస్కరించామని, పాలసీ తీసుకునేటప్పుడు బీపీ ఉన్న సంగతి దాచిపెట్టారని అందులో ఉంది. నాన్న ముప్ఫై నాలుగేళ్లు బళ్లో పాఠాలు చెప్పిన మనిషి. డబ్బు రాదన్నందుకు కాదు, ‘దాచిపెట్టారు’ అన్న మాటకి కుంగిపోయారు. “నేను అబద్ధం చెప్పానంటున్నారా అమ్మా?” అని ఉత్తరం మడిచి పక్కన పెట్టేశారు.

ఆ కోపంలో మర్నాడే హనుమకొండలో ఒక లాయరుగారి దగ్గరికి వెళ్లాను. వినియోగదారుల కమిషన్‌లో కేసు వేద్దామన్నారు. ముందు 25,000 ఫీజు, గెలిస్తే వచ్చినదాంట్లో పది శాతం. ఇంటికొచ్చి లెక్క వేశాను. క్లెయిం మొత్తం వచ్చినా 53,640 ఫీజుకే పోతుంది, దగ్గర దగ్గర అయిదో వంతు. ఆస్పత్రి బిల్లు కోసం తాకట్టు పెట్టిన నా గాజులకి నెలనెలా వడ్డీ పడుతూనే ఉంది. అయినా పౌరుషం కొద్దీ సంతకం పెట్టేద్దామనే అనుకున్నాను.

మా పిన్ని కొడుకు ఆపాడు. “వకాలత్ మీద సంతకం తర్వాత పెడుదువుగానీ అక్కా. ముందు కాగితాలన్నీ ఎవరితోనైనా చదివించు” అన్నాడు. అలా ఇంకో లాయరమ్మ దగ్గర కూర్చున్నాను. కేసు అప్పగించలేదు. కాగితాలు చదివి దారి చెప్పినందుకు 1,500 ఇచ్చాను. ఈ వ్యవహారం మొత్తంలో నేను పెట్టిన ఖర్చుల్లో దానంత విలువైనది లేదు.

ఆవిడ మొదట చెప్పింది వరస గురించి. కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఏడాది లోపు బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. అక్కడ ఫీజు లేదు. 50 లక్షల దాకా ఇప్పించే అధికారం ఉంది. లాయర్లకి ప్రవేశం లేదు, మన మాట మనమే చెప్పుకోవాలి. తీర్పు కంపెనీ పాటించి తీరాలి, మనకి నచ్చకపోతే ఆ తర్వాతైనా వినియోగదారుల కమిషన్‌కి పోవచ్చు. కానీ ముందే కమిషన్‌లో కేసు వేస్తే అదే గొడవని అంబుడ్స్‌మన్ తీసుకోరు. అంటే నేను తొందరపడి సంతకం పెట్టి ఉంటే, పైసా ఖర్చు లేని దారిని డబ్బిచ్చి మరీ మూసుకునేదాన్ని.

రెండో సంగతి, కంపెనీ వాళ్లకి ‘దాచారు’ అనే ఆధారం ఎక్కడ దొరికిందో వెతకమన్నారు. ఆస్పత్రి నుంచి కేసు షీటు నకలు తెచ్చి చూస్తే మొదటి పేజీలోనే ఉంది: బీపీ, పదేళ్లుగా. చేర్చింది రాత్రి పన్నెండున్నరకి. డ్యూటీ డాక్టరు అడిగితే అమ్మ కంగారులో “చాన్నాళ్ల నుంచీ మాత్రలేసుకుంటున్నారు బాబూ” అంది. ఆ చాన్నాళ్లే కాగితం మీద పదేళ్లయ్యాయి.

మా పాలసీ 2018 నవంబరులో మొదలైంది. నాన్నకి బీపీ బయటపడింది 2021లో. అమ్మ పాత చీటీలన్నీ బట్టల కొట్టు సంచిలో దాస్తుంది. రెండు గంటలు వెతికితే మా వీధి డాక్టరుగారు మొదటిసారి మాత్ర రాసిన చీటీ దొరికింది. మడత దగ్గర చిరిగింది, తేదీ మాత్రం స్పష్టంగా ఉంది. అది చూపించి, గుండె డాక్టరుగారితో లెటర్‌హెడ్ మీద వివరణ రాయించుకున్నాను.

ఇంకో బలమూ ఉంది. పాలసీని తెగకుండా 60 నెలలు నడిపితే, ఆ తర్వాత మోసం చేశారని రుజువు చేస్తే తప్ప, చెప్పలేదన్న కారణంతో క్లెయిం కాదనకూడదు. ఇది బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన. 2024కి ముందు ఈ గడువు ఎనిమిదేళ్లు. నాన్న ఆస్పత్రిలో చేరింది 2025 జనవరిలో, అప్పటికి పాలసీకి ఆరేళ్లు దాటాయి.

కంపెనీ ఫిర్యాదుల విభాగం పాత మాటే తిరగరాసింది. లక్డీకాపూల్‌లోని అంబుడ్స్‌మన్ కార్యాలయానికి దరఖాస్తు పెట్టాం. విచారణ రోజు నాన్నే మాట్లాడారు. కంపెనీ ప్రతినిధి కేసు షీటు చూపించారు, నాన్న చీటీ చూపించారు. ఎక్కువసేపు పట్టలేదు. బీమా వర్తించని చిల్లర ఖర్చులు పోను 2,63,000 ఇవ్వమని తీర్పు వచ్చింది.

ఇంతమాత్రాన లాయరు అక్కర్లేదని నేననను. దొంగ బిల్లులు పెట్టారని, మోసం చేశారని కంపెనీ ఆరోపిస్తే లాయరు కావాల్సిందే. సాక్షుల్ని ప్రశ్నించాల్సి వచ్చినా, కమిషన్‌లో మనం గెలిచాక కంపెనీ అప్పీలుకి వెళ్లినా కావాలి. మనోవేదనకి పరిహారం కూడా కావాలంటే అంబుడ్స్‌మన్ దగ్గర అది దొరకదు, కమిషన్‌కే వెళ్లాలి. తిరస్కరించిన నాటి నుంచి రెండేళ్ల గడువుంటుంది. అక్కడా సొంతంగా వాదించుకోవచ్చు. కట్టిన ప్రీమియం అయిదు లక్షల లోపైతే కోర్టు ఫీజు కూడా ఉండదు. కానీ ఇంట్లో మనిషి మంచాన ఉన్నప్పుడు వాయిదాలకి తిరిగే ఓపిక అందరికీ ఉండదు. ఆ ఓపికకి కట్టే వెల అనుకుంటే లాయరు ఫీజు న్యాయమే.

అందుకే ఎవరైనా అడిగితే ఒక్కటే చెబుతాను. గొడవ కాగితం మీదా, చట్టం మీదా ముందు తేల్చుకోండి. కాగితం మీదైతే ఆ కాగితాన్ని వెతకండి, దాన్ని లాయరు పుట్టించలేడు. చట్టం మీదైతే ఫీజుకి వెనకాడకండి.

మొన్న నాన్నని చెకప్‌కి తీసుకెళ్లాం. బీపీ ఎప్పటినుంచని నర్సు అడిగింది. అమ్మ సంచిలోంచి చీటీ తీసి, “2021 జూలై, రాసుకోమ్మా” అంది. ఆ అమ్మాయి రాసేదాకా పక్కనే నిలబడి, రాసింది సరిగ్గా ఉందో లేదో నన్ను చదవమంది.