సందక్‌ఫూ దారిలో ముసలి బండ్లు

డార్జిలింగ్ జిల్లాలో, నేపాల్ సరిహద్దు నానుకొని మానేభంజ్యాంగ్ అనే చిన్న ఊరున్నది. పక్షుల కూతలతోపాటు పానాల చప్పుడు కూడ అక్కడ తెల్లవారుజామునే వినవస్తుంది.

1948లో ఇంగ్లండున వెలసిన లాండ్ రోవర్ వంశానికి చెందిన, 1950ల నాటి బండ్లు ఈ ఊరిలో ఇంకా బ్రతికి ఉన్నవి. 3,636 మీటర్ల ఎత్తున ఉన్న సందక్‌ఫూకు దాదాపు 31 కిలోమీటర్ల కొండదారిన దశాబ్దాలుగా యాత్రికులను చేరవేసినవి ఇవే. కొత్త బండ్లు వచ్చినా వీటి పరుగు ఆగలేదు. అసలు విడిభాగాలు దొరకడం కష్టం. కనుక చోదకుడే మేస్త్రీ. అనేక బండ్లలో పాత ఇంజను స్థానే దేశీయ డీజిల్ ఇంజను వచ్చి కూర్చున్నది.

కొండ దిగిన సాయంత్రం మొదటి పని కడగడం. బండి పైతొడుగు అల్యూమినియం మిశ్రమం గనుక తుప్పెక్కదు. అడుగు చట్రం మాత్రం ఉక్కు. దాని సందులలో బురద నిలిస్తే తడి ఆరక లోహాన్ని లోలోపలే తినివేస్తుంది. అందుచేత అడుగు కడిగిన పిమ్మటనే పై మెరుపు. కమానుల నడుమ ఇరుకుకొన్న రాళ్లు తీయాలి. బోల్టుల బిగువు, బ్రేకు నూనె మట్టం చూడాలి. నీటిలో దిగిన బండిని, బ్రేకు మెల్లగా నొక్కుతూ కొంతదూరం నడిపి, డ్రమ్ములను ఆరబెట్టాలి.

ఎక్కేటప్పుడు ఇంజను మొరాయిస్తే బండి ఆగుతుంది. దిగేటప్పుడు బ్రేకు మొరాయిస్తే ఆగదు.

సందక్‌ఫూపై సూర్యోదయవేళ యాత్రికులందరూ 8,586 మీటర్ల కాంచనగంగ వైపు తిరుగుతారు. చోదకుడు మాత్రం వంగి, చక్రాల వెనుక నేలమీద నూనెచుక్క పడినదేమోనని చూస్తాడు.