ఇద్దరికీ చెరో రొయ్య

టోక్యోలో నిషి-కసాయి అని ఒక పేట ఉంది. తోజాయ్ లైను రైలు దిగి, స్టేషను మెట్లు దిగితే చాలు, చుడీదార్ వేసుకున్నావిడ కూరగాయల సంచితో ఎదురొస్తుంది. ఎవరూ వింతగా చూడరు. 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లు తికమకపడతాయన్న గాభరాలో వాటిని సరిచేయడానికి వెళ్లిన మనవాళ్లు చాలామంది ఆ చుట్టుపక్కలే అద్దెకు దిగారు. వాళ్ల వెనకాలే కందిపప్పు, కరివేపాకు, చివరికి మన సిలబస్ చెప్పే స్కూళ్లు కూడా వెళ్లాయి.

ఆ పేటలోనే ఒక చిన్న సుషీ హోటల్లో నెలలో ఆఖరి శుక్రవారం రాత్రి ఇద్దరు స్నేహితురాళ్లు కలిసేవారు. ఒకామె సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. ఇంకొకామె లెక్కల టీచరు. ఇద్దరిదీ నరసాపురం దగ్గర ఒకే ఊరు, ఒకే బడి, ఒకే బెంచీ. పెళ్లిళ్లయి ఎవరిదారిన వాళ్లు వెళ్లాక మళ్లీ టోక్యోలో కలుస్తామని ఇద్దరూ అనుకోలేదు. కలిశాక ఒక్కటే షరతు పెట్టుకున్నారు. ఆ రాత్రి మొగుళ్లూ పిల్లలూ వెంట రాకూడదు. పిల్లలకు పెరుగన్నం, మొగుళ్లకు ఫ్రిజ్‌లో కూర. అంతే!

మొదట్లో టీచరుకు ఆ తిండి అస్సలు ఎక్కలేదు. “గోదారి ఒడ్డున పుట్టి చేపను పచ్చిగా తినాలా? మా అమ్మ వింటే ఇంట్లోకి రానివ్వదు” అని మూడు నెలలు కోడిగుడ్డు ముక్క పెట్టిన సుషీతో, దోసకాయ చుట్టిన ముద్దలతో సరిపెట్టుకుంది. అన్నం మాత్రం మొదటి రోజే నచ్చింది. వేడి అన్నాన్ని చెక్క తొట్టెలో పరిచి, వెనిగరు, పంచదార, ఉప్పు కలిపిన నీళ్లు చల్లి, విసనకర్రతో విసురుతూ కలుపుతారని తెలిశాక, “ఇది పులిహోర చల్లార్చడమే కదే” అంది. ఆ తర్వాత ఒక శుక్రవారం ధైర్యం చేసి సాల్మన్ నోట్లో పెట్టుకుంది. వసాబి ఘాటు ముక్కుకెక్కి కళ్లనీళ్లు తిరిగాయి. ఆనాటి నుంచి ఆమెను పట్టుకోవడం ఇంజినీరు వల్ల కాలేదు.

ఆ హోటల్లో ప్లేట్లు బెల్టు మీద తిరుగుతూ వస్తాయి. కావలసింది తీసుకోవడం, తిన్న ప్లేట్లు పక్కన పేర్చడం, చివర్లో లెక్కపెట్టి డబ్బు కట్టడం. ఈ పద్ధతిని 1958లో ఒసాకా దగ్గర షిరాయిషి యోషియాకి అనే ఆయన మొదలుపెట్టాడు. బీరు ఫ్యాక్టరీలో సీసాలు బెల్టు మీద నడిచివెళ్లడం చూసి, సుషీనీ అలాగే నడిపిస్తే వడ్డించేవాళ్ల ఖర్చు తగ్గుతుంది కదా అనుకున్నాడట. ప్లేటు సెకనుకు 8 సెంటీమీటర్ల చొప్పున కదులుతుంది. పెళ్లి బంతిలో వడ్డించేవాళ్లు కూడా ఈ వేగం నేర్చుకుంటే బాగుండును. 2023లో కొందరు ఆకతాయిలు పక్కవాళ్ల ప్లేట్ల మీద వేళ్లు పెట్టి, సాస్ సీసాలు నాకి వీడియోలు తీశాక, చాలా హోటళ్లు ఊరికే ప్లేట్లు తిప్పడం మానేశాయి. ఈ ఇద్దరి రాత్రుళ్లు అంతకు ముందువి.

2019 మార్చి ఆఖరి శుక్రవారం వాళ్లకు అక్కడ చివరిది. ఊళ్లో టీచరు నాన్నకు పక్షవాతం వచ్చింది. ఆమె పిల్లలతో తిరిగి వెళ్లిపోతోంది. గోడమీద టీవీలో, సోమవారం ప్రకటించబోయే కొత్త శకం పేరు ఏమై ఉంటుందోనని చర్చ నడుస్తోంది. చెర్రీ పూలు విచ్చుకున్న రోజులు కావడంతో హోటలు కిటకిటలాడుతోంది. పక్కబల్ల పిల్లాడు ఐస్‌క్రీమ్ కోసం ఏడుస్తున్నాడు.

ఇంజినీరు ఆ రోజు సరిగా తినడం లేదు. రొయ్య పెట్టిన ప్లేటు ఒకటి వచ్చింది. టీచరు ఎప్పటిలాగే దాన్ని పోనిచ్చింది. ఆరేళ్లుగా అంతే. పడదేమో అనుకుని ఇంజినీరు ఎప్పుడూ అడగలేదు. నిజానికి, అడక్కపోవడానికి కారణం అది కాదు.

“నీకో మాట చెప్పాలే” అంది ఇంజినీరు.

“చెప్పు.”

“కిందటి నెల మా నాన్న సంవత్సరీకానికి వెళ్లాను కదా. పంపకాలు కూడా అయిపోయాయి. నా వాటాకు ఆ రెండెకరాలు వచ్చాయి.”

ఏ రెండెకరాలు అని టీచరు అడగలేదు. వేడినీళ్ల కుళాయి తిప్పి కప్పులో టీ కలుపుకుంది.

ఆ రెండెకరాలు టీచరు వాళ్లవి. 1990ల మొదట్లో ఆ ప్రాంతమంతా వరి చేలు తవ్వి రొయ్యల చెరువులు చేశారు. టైగర్ రొయ్య. కిలోకు 30 తూగితే 30 కౌంటు అంటారు. కౌంటు ఎంత తగ్గితే ధర అంత పెరుగుతుంది. కొనేవాళ్లలో జపాన్‌ది పెద్ద చెయ్యి. టీచరు నాన్న చెరువు వేశాడు. మేత అరువిచ్చింది ఇంజినీరు నాన్న, ఊళ్లో మేత డీలరు ఆయనే. పట్టుబడి అయ్యాక డబ్బు కట్టాలి, అదీ మాట. 1994, 95లలో తెల్ల మచ్చల జబ్బు వచ్చి చెరువులకు చెరువులు రోజుల్లో తుడిచిపెట్టుకుపోయాయి. మేత బాకీ 1 లక్షా 80 వేలు తేలింది. ఆ బాకీ కిందే రెండెకరాలు డీలరు పేరు మీదకు మారాయి. పిల్లలిద్దరూ అప్పుడు ఏడో తరగతి. వారం రోజులు వేరే వేరే బెంచీల్లో కూర్చున్నారు. ఎనిమిదో రోజు మళ్లీ ఒకే బెంచీ మీదకు వచ్చారు. ఆ తర్వాత దాని గురించి ఒక్కమాట కూడా మాట్లాడుకోలేదు.

“తెలుసు” అంది టీచరు. “తమ్ముడు ఫోన్‌లో చెప్పాడు. ఊళ్లో ఏది దాగుతుందే? నువ్వే చెబుతావా లేదా అని నెలంతా చూస్తున్నా.”

ఇంజినీరు ముఖం ఎర్రబడింది. “నీకు రాసిచ్చేద్దామనుకున్నా.”

“ఇస్తే మా నాన్న తీసుకుంటాడా? మంచంలోంచి లేవలేకపోయినా కర్ర విసురుతాడు. బాకీ బాకీయే, ఆయన లెక్క అది. మీ నాన్నగారిని ఒక్క మాట అనలేదు తెలుసా! అమ్మ మాత్రం అంది. రోజూ అంది. అబద్ధమెందుకు చెప్పడం?”

“అనాల్సిందేలే” అంది ఇంజినీరు. తర్వాత కాసేపాగి, “మా అమ్మ గాజులు ఆ ఏడే పోయాయి. అరువు మీద మేత తెచ్చింది మా నాన్న కూడా కదా. కంపెనీవాళ్లు ఇంటి అరుగు మీద కూర్చున్నారు. బయటికి తెలిస్తే ఇంకెవ్వరూ బాకీ కట్టరని మమ్మల్ని నోరెత్తొద్దన్నాడు” అంది.

ఇది టీచరుకు తెలియదు. ఆ ఏడాది డీలరు భార్య చేతులకు మట్టి గాజులు ఉండేవన్నది మాత్రం గుర్తొచ్చింది. మొక్కు అని చెప్పుకున్నారప్పుడు.

బెల్టు మీద ట్యూనా వెళ్లింది. కోడిగుడ్డు వెళ్లింది. ఇద్దరూ చెయ్యి చాపలేదు.

“తమ్ముడు చెరువు వెతుక్కుంటున్నాడు. వనామీ వేస్తాడట” అంది టీచరు చివరికి. 2009లో మన దేశంలో అనుమతి వచ్చాక టైగర్ పోయి వనామీ రొయ్యే ఊళ్లకు ఊళ్లు నిండింది. “లీజుకిస్తావా?”

“ఊరికే చేసుకోమను.”

“ఊరికే వద్దు. ఊళ్లో రేటు ఎంతుంటే అంత. సగం ముందు, సగం పట్టుబడి అయ్యాక. కాగితం రాసుకోండి. వాడు నీకు తమ్ముడి వరస, నాకు సొంత తమ్ముడు. అయినా కాగితం ఉండాలి.”

“పట్టుబడి పోతే?”

“పోతే అప్పుడు ఇద్దరం కొట్టుకుందాం.”

ఇంజినీరు నవ్వింది. ఆ రాత్రి నవ్వడం అదే మొదలు.

రొయ్య ప్లేటు మళ్లీ తిరిగొచ్చింది. అదేనో, ఇంకొకటో. ఈసారి టీచరు చెయ్యి చాపి తీసింది. ప్లేటులో రెండు ముక్కలు. “నీకు పడదేమో!” అంది ఇంజినీరు.

“పడకేం? ఆ ఏడాది చావడానికి ముందు పట్టిన చిన్న రొయ్యలు కొనే నాథుడు లేక నెల్లాళ్లు ఇంట్లో అదే కూర. ఇగురు, వేపుడు, పులుసు, పచ్చడి. వాసన వస్తేనే విసుగొచ్చింది, అంతే” అంటూ ఒకటి తనవైపు, ఇంకొకటి స్నేహితురాలివైపు జరిపింది. తన ముక్కను వేళ్లతో ఎత్తి చూసింది. రొయ్య ఉడికితే ముడుచుకుపోతుంది. ఇక్కడివాళ్లు వెదురు పుల్ల గుచ్చి నిటారుగా ఉడకబెట్టి, పొట్ట చీల్చి పుస్తకంలా తెరుస్తారు.

“ఎంత కౌంటు ఉంటుందంటావ్?” అంది ఇంజినీరు.

“తలా తోకా లేకుండా ఏం చెప్పను?” అని నోట్లో వేసుకుంది. నమిలింది. “మనదైతే కాదు. ఉప్పు చాల్లేదు.”

బిల్లు లెక్క ఎప్పుడూ టీచరుదే. 14 ప్లేట్లు, పన్నుతో కలిపి ప్లేటు 108 యెన్లు, మొత్తం 1512, చెరి 756. ఈసారి అంతా తనే ఇస్తానని ఇంజినీరు నోట్లు తీసింది. టీచరు వాటిలో ఒక వెయ్యి నోటు వెనక్కి నెట్టి, తన పర్సు బోర్లించింది. దేశం వదిలి వెళ్లే మనిషి కదా, చిల్లరంతా వదిలించుకోవాలి. నాణేలు వరసగా పేర్చి రెండుసార్లు లెక్కపెట్టింది.

755 వచ్చాయి.

“ఒక్క యెన్ తక్కువైందే” అంది.

“పోనీలే.”

“పోనీలే ఏంటి? బాకీ రాసుకో” అంది టీచరు, పర్సు మూస్తూ.