హిజ్కియా సొరంగములో

యెరూషలేము చూచి వచ్చినవారు ఒలీవల కొండను గూర్చియు, ఖాళీ సమాధిని గూర్చియు చెప్పుట మీరు వినియుందురు. ఈ నెల మేము చెప్పదలచినది భూమి లోపలనున్న ఒక చీకటి కాలువను గూర్చి.

పాత పట్టణపు గోడకు దక్షిణమున వాలుగా దిగు మిట్టను దావీదు పురమందురు. 2018లో మేము కొందరు కాపరులము అక్కడ మెట్లు దిగి గీహోను ఊట చేరితిమి. అక్కడనుండి రాతిలో తొలిచిన సొరంగము మొదలవుతుంది. నీళ్ళు మొదట తొడలవరకు వచ్చినవి, తరువాత మోకాళ్ళకు దిగినవి. ఇరుకైన దారి; ఒకరి వెనుక ఒకరు నడవవలసినదే. కొన్నిచోట్ల తల వంచనిదే ముందుకు పోలేము. టార్చిలైటు ఆర్పితే పక్కనున్న మనిషి కూడ కనబడడు.

దీని పొడవు 533 మీటర్లు. రెండు జట్లవారు రెండు చివరలనుండి తొలుచుకొంటూ వచ్చి కొండ నడుమ కలిసికొన్నారు. ఉలిదెబ్బల వాలు అక్కడ ఎదురు దిక్కుకు మారుట గోడలమీద ఇప్పటికిని కనిపించును. ఇంత పొడవునా పల్లము సుమారు 30 సెంటీమీటర్లే, అయినను నీరు నిలువక సిలోయము కోనేటికి పారుచున్నది. పుట్టు గ్రుడ్డివాడు కడుగుకొని చూపు పొందినది ఆ కోనేటిలోనే (యోహాను 9).

ఈ పని ఎందుకు జరిగినది? క్రీ.పూ. 701లో అష్షూరు రాజైన సన్హెరీబు యూదామీదికి వచ్చెను. శత్రువునకు నీళ్ళు దొరకకూడదని హిజ్కియా బయటి ఊటలను మూయించి, గీహోను నీటిని పట్టణములోనికి మళ్ళించెను (2 దినవృత్తాంతములు 32). అదే హిజ్కియా శత్రువు పంపిన బెదిరింపు ఉత్తరమును మందిరములో యెహోవా సన్నిధిని పరచి ప్రార్థించెను. కాలువ త్రవ్వించినవాడే మోకరించినవాడు కూడ. విశ్వాసమనగా చేతులు ముడుచుకొని కూర్చొనుట కాదు. అయితే త్రవ్విన కాలువనే నమ్ముకొనుటయు విశ్వాసము కాదు. చెరువు కట్టుకొని, దానిని కలుగజేసినవానివైపు చూడని పట్టణస్థులను యెషయా గద్దించెను (యెషయా 22:11).

ఆనాటి రాతలు రెండు మిగిలియున్నవి. ఒకటి సన్హెరీబు వ్రాయించుకొన్న మట్టిస్తంభము, నేడు లండను మ్యూజియములో ఉన్నది. యూదాలో 46 ప్రాకార పట్టణములను పట్టితినని అందులో అతడు గొప్పలు చెప్పుకొనెను. యెరూషలేమును పట్టితినని మాత్రము చెప్పలేకపోయెను. రెండవది 1880లో ఈ సొరంగపు గోడమీద దొరికిన శాసనము, నేడు ఇస్తాంబులు మ్యూజియములో ఉన్నది. రెండు జట్లు కలిసికొన్న సంగతి అందులో ఉన్నది గాని, మిగిలిన ఆరు పంక్తులలో రాజు పేరు ఎక్కడను లేదు! తన పేరు చాటుకొన్న సన్హెరీబు తన కుమారుల చేతనే హతుడాయెను.

హిజ్కియాకు అసలైన శోధన శత్రువు వలన రాలేదు. మరణకరమైన రోగములో గోడతట్టు ముఖము త్రిప్పుకొని ఏడ్చినవానికి దేవుడు 15 సంవత్సరముల ఆయుష్షు పొడిగించెను. ఆ తరువాత బబులోను రాయబారులు కానుకలతో వచ్చిరి. కన్నీటికి జవాబిచ్చిన దేవుని గూర్చి వారికి చెప్పుటకు ఎంత మంచి సమయము! ఆయన చూపించినది మాత్రము వెండి, బంగారము, ఆయుధశాల. ఆయన హృదయములోని సమస్తమును తెలిసికొనుటకు దేవుడు ఆయనను శోధించెనని గ్రంథము చెప్పుచున్నది (2 దినవృత్తాంతములు 32:31). ఉత్తరము వచ్చిన దినమున మందిరమునకు పరుగెత్తినవాడు, కానుకలు వచ్చిన దినమున కొట్లు తెరిచెను.

మన ఇండ్లలోనూ ఇదే జరుగుచున్నది కాదా? వానలు లేనప్పుడు ఉపవాస ప్రార్థనకు ఇంటిల్లిపాది వస్తారు. బోరులో నీళ్ళు పడిన తరువాత ఆదివారము పొలములోనే గడిచిపోతుంది. బిడ్డ జ్వరముతో పడియున్నప్పుడు కన్నీరు కార్చిన తల్లిదండ్రులు, అదే బిడ్డకు పట్నములో ఉద్యోగము రాగానే, బీద విశ్వాసి ప్రక్కన చాపమీద కూర్చొనుటకు సంకోచిస్తారు. కష్టము మనలను మోకరింపజేయును. మేలు కలిగినప్పుడు ఎవరు మోకరింపజేయుదురు?

హిజ్కియా కథ గర్వముతో ముగియలేదు. యెషయా ఎదురుగా నిలిచి గద్దించినప్పుడు ఆయన ప్రవక్తను వెళ్ళగొట్టలేదు. హృదయగర్వము విడిచి, ఆయనయు యెరూషలేము కాపురస్థులును తమ్మును తగ్గించుకొనిరి గనుక ఆ దినములలో యెహోవా కోపము వారిమీదికి రాలేదు (2 దినవృత్తాంతములు 32:26). రాజు తగ్గించుకొన్నప్పుడు పట్టణమంతయు కాపాడబడెను. ఇంటి యజమానుడు తగ్గించుకొన్నప్పుడు ఇల్లంతయు దీవెన పొందదా?

కాబట్టి ప్రియులారా, ఈ సాయంకాలము కుటుంబ ప్రార్థనలో మనకు కలిగిన మేళ్ళను ఒక్కొక్కటిగా పేరుపెట్టి దేవునికి అప్పగించుదము. మన పొలము, మన బోరు, మన బిడ్డల చదువు, ఇవన్నియు ఆయనవే. శ్రమలో మన చేయి విడువని ప్రభువు, సమృద్ధిలో మన తల వంచి నడిపించును గాక! ఆమేన్.